తీగ తెగినా మాట తెగదు

పదో తరగతి ఫలితాలు వెలువడే రోజు ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. పొద్దున్నుంచీ అన్నం సహించదు. చెప్పిన వేళ కాగానే ఊరూరా పిల్లలు సెల్‌ఫోన్లలో హాల్‌టికెట్టు నంబరు కొట్టి, గుండె చిక్కబట్టుకుని కూర్చుంటారు. తెరమీద ఒక చిన్న చక్రం గిర్రున తిరుగుతుంది. తరవాత మార్కులు కనబడతాయి.

ఆ చక్రం తిరిగిన రెండు మూడు క్షణాల్లో మీ ప్రశ్న ఎక్కడిదాకా వెళ్ళిందో ఎప్పుడైనా ఆలోచించారా? ఎక్కడో ఒక చల్లని గదిలో, ఇనప బీరువాలాంటి చట్రంలో బిగించిన కంప్యూటరు ఒకటి మీ నంబరు అందుకుంది. మీ మార్కులు వెతికింది. తిరిగి పంపింది. అడిగినవాళ్ళకల్లా ఇలా అందించే కంప్యూటరునే సర్వరు అంటారు. బంతిలో కూర్చున్న వాళ్ళందరికీ వడ్డించే మనిషి లాంటిదన్నమాట.

ఆ సర్వరు దాకా మీ ప్రశ్న ఎన్నో దారుల్లో వచ్చి ఉండవచ్చు. కాని ఆఖరి కొద్ది మీటర్లూ మాత్రం ఒక తీగలోంచి పోవలసిందే. ఆ తీగ పెన్సిలంత లావుంటుంది. లోపల ఎనిమిది సన్నని రాగి తీగలు నాలుగు జతలుగా మెలివేసి ఉంటాయి. చివర ఒక ప్లాస్టిక్ ప్లగ్గు. అది ఊడిపోకుండా పట్టి ఉంచేది దానిమీద ఉండే గోరంత ప్లాస్టిక్ నాలుక.

ఆ నాలుక విరిగితే? గది ఊడ్చేవాళ్ళ చెయ్యి తగిలి తీగ లాక్కుంటే? ఎలుక కొరికితే? సర్వరు నిక్షేపంగా ఉంటుంది. అందులో మార్కులన్నీ భద్రంగా ఉంటాయి. కాని లక్షలమంది పిల్లల ముందు ఆ చక్రం అలా తిరుగుతూనే ఉంటుంది.

కథల్లో రాజకుమారిని ఒంటిస్తంభం మేడలో దాస్తారు కదూ? చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కాని ఆ ఒక్క స్తంభం కూలితే మేడంతా కూలినట్టే. ఒక్క తీగమీద బతికే సర్వరు కూడా ఒంటిస్తంభం మేడే!

రెండో తీగ పెడితే సరిపోదా?

“ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోవలసిందేముంది? రెండో తీగ పెడితే సరి!” అంటారు మీరు. మంచి ఆలోచనే. కాని ఉత్తినే రెండో తీగ గుచ్చితే పని జరగదు. ఎందుకో చూద్దాం.

సర్వరులో తీగ గుచ్చే ప్రతి సాకెట్టుకీ దాని సొంత విలాసం ఉంటుంది. 48 అంకెల విలాసం. అయితే ప్రతి అంకే సున్నా గాని ఒకటి గాని. ఇప్పుడు ఒక ఇంటికి రెండు గుమ్మాలున్నాయనీ, గుమ్మానికో నంబరు ఉందనీ అనుకోండి. పోస్టుమ్యానుకి తెలిసింది మొదటి నంబరే. మొదటి గుమ్మానికి తాళం పడితే అతను ఉత్తరం పట్టుకుని అక్కడే నిలబడతాడు. రెండో గుమ్మం బార్లా తెరిచే ఉంటుంది. కాని ఆ సంగతి అతనికి తెలియదు!

కాబట్టి మొదట కావలసింది రెండు గుమ్మాలకూ ఒకే నంబరు. అంటే రెండు తీగలూ కలిసి బయటివాళ్ళకు ఒకే తీగలా కనపడాలి. ఇలా రెండు మూడు తీగలను కట్టగట్టి ఒకటిగా వాడటాన్నే లింకుల జోడింపు అంటారు. కంప్యూటర్ల దగ్గర పనిచేసేవాళ్ళు దీన్ని ‘బాండింగ్’ అని పిలుస్తారు. 

తీగ రెండో కొన ఎక్కడికి పోతుంది? స్విచ్చి అనే పెట్టెలోకి. గోడమీద దీపం వెలిగించే స్విచ్చి కాదు సుమా! ఇది పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే బల్లలాంటిది. ఎన్నో తీగలు వచ్చి ఇందులో కలుస్తాయి. ఏ పొట్లం ఏ తీగలోకి పోవాలో విలాసం చూసి అది పంపిస్తుంది.

ఇలాంటి రెండు స్విచ్చిల మధ్య తోచినట్టు రెండు తీగలు కలిపితే మరో ప్రమాదం ఉంది. “అందరికీ చెప్పండి” అని రాసి ఉన్న పొట్లం ఒక తీగలో వెళ్ళి, రెండో తీగలోంచి తిరిగి వస్తుంది. మళ్ళీ వెళుతుంది. మళ్ళీ వస్తుంది. గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. అలాంటి పొట్లాలు కొన్ని చేరితే ఇక అసలు మాటలకు చోటుండదు. 1985లో అమెరికాలో రేడియా పెర్ల్‌మన్ అనే ఆవిడ దీనికి ఒక ఉపాయం కనిపెట్టింది. స్విచ్చిలు తమలో తాము మాట్లాడుకుని, అదనపు దారిని మూసి ఉంచుతాయి. అసలు దారి తెగితే దాన్ని తెరుస్తాయి. చక్కని ఉపాయమే. కాని రెండో తీగ అన్నాళ్ళూ ఊరికే పడి ఉండాలి. పైగా మొదట్లో ఆ మూసిన దారి తెరుచుకోవడానికి అర నిమిషమో, ఇంకా ఎక్కువో పట్టేది.

రెండు తీగలూ పనిచెయ్యాలి, ఒకటి పోతే రెండోది వెంటనే అందుకోవాలి. అదీ కోరిక.

వేగం కోసం మొదలైన పని

కంప్యూటర్లను తీగలతో కలిపే ఈథర్‌నెట్ పద్ధతిని 1973లో అమెరికాలోని జెరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో బాబ్ మెట్‌కాఫ్ ప్రతిపాదించాడు. అప్పట్లో దాని వేగం సెకనుకి దాదాపు 30 లక్షల బిట్లు. సున్నాలను, ఒకట్లను బిట్లు అంటారని మీకు తెలుసు. ఈనాడు మామూలు తీగలో సెకనుకి వంద కోట్ల బిట్లు పరుగెడతాయి. దీన్ని ఒక గిగాబిట్ వేగం అంటారు. పెద్ద సర్వర్లకు ఇంకా ఎంతో వేగంగా పోయే తీగలున్నాయి.

1994లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో థామస్ స్టెర్లింగ్, డోనల్డ్ బెకర్ అనే ఇద్దరు 16 మామూలు కంప్యూటర్లను కలిపి ఒక పెద్ద లెక్కల యంత్రం తయారుచేశారు. దానికి ‘బేవుల్ఫ్’ అని పేరు. లెక్కలు చెయ్యడంలో ఆ కంప్యూటర్లు గట్టివే. కాని వాటి మధ్య మాటలు మోసే తీగ ఆ వేగానికి చాలలేదు. వేగమైన స్విచ్చి కొందామంటే ఆ రోజుల్లో దాని ఖరీదు మోయలేనిది. అప్పుడు బెకర్ ఒక ప్రోగ్రాము రాసి, ఒక తీగ మీద పోయే పొట్లాలను రెండు తీగల మీద పంచాడు. ఈనాటికీ లినక్స్ సర్వర్లలో ఉండే బాండింగ్ ప్రోగ్రాముకి మూలం ఆయన రాసిందే.

చూశారా! వేగం కోసం మొదలుపెట్టిన పని. అది భద్రతకూ పనికొస్తుందని గ్రహించడానికి ఎంతోసేపు పట్టలేదు. చాలా కంపెనీలు ఎవరి పద్ధతిలో వాళ్ళు తీగలు జోడించడం మొదలుపెట్టాయి. ఒకరి పద్ధతి ఇంకొకరి పెట్టెకు అర్థమయ్యేది కాదు. చివరికి 2000 సంవత్సరంలో ఐ ట్రిపుల్ ఈ అనే ఇంజనీర్ల సంస్థ అందరికీ కలిపి ఒక ప్రమాణం ఏర్పరచింది. దాని నంబరు 802.3ఏడీ. అప్పటినుంచి ఎవరి సర్వరైనా ఎవరి స్విచ్చితోనైనా చెయ్యి కలపవచ్చు.

పన్నెండో ఆటగాడా? రెండు మూత్రపిండాలా?

తీగలను జోడించి వాడటంలో ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి.

మొదటిది క్రికెట్ జట్టులో పన్నెండో ఆటగాడి పద్ధతి. ఒక తీగ పనిచేస్తుంది. రెండోది గట్టుమీద కూర్చుంటుంది. మొదటిది దెబ్బతింటే రెండోది మైదానంలోకి దిగుతుంది. దిగుతూనే, “ఇకనుంచి ఆ విలాసం నా దగ్గరుంది, పొట్లాలు ఇటు పంపండి” అని స్విచ్చికి కేక వేస్తుంది. 

రెండో పద్ధతికి ఉదాహరణ మీ ఒంట్లోనే ఉంది. మీకు మూత్రపిండాలు రెండు. రెండూ రాత్రింబగళ్ళు పనిచేస్తూనే ఉంటాయి. ఒకదాన్ని తీసివేసినా, రెండోది ఆరోగ్యంగా ఉంటే మనిషి బతుకు హాయిగా సాగుతుంది. ఎందుకని? రెండింటికీ శక్తి అవసరానికి మించి ఉంది గనక. తీగలలోనూ అంతే. రెండూ పనిచేస్తూ ఉంటాయి. ఒకటి పోతే దాని వంతు కూడా రెండోది మోస్తుంది. 2000 నాటి ప్రమాణం చెప్పేది ఈ పద్ధతినే.

ఎవరు ఏ దారిన పోవాలి?

రెండు తీగలూ పనిచేస్తుంటే, ఏ పొట్లం ఏ తీగలో పోవాలి? “ఒకటి ఇటు, ఒకటి అటు” అని మీరనవచ్చు. అందులో ఒక చిక్కుంది.

కంప్యూటరు పెద్ద ఉత్తరాన్ని ఒకేసారి పంపదు. చిన్న చిన్న పొట్లాలుగా కట్టి పంపుతుంది. ఒక్కో పొట్లంలో మామూలుగా 1500 బైట్ల దాకా పడతాయి. ఒక బైటు అంటే ఎనిమిది బిట్లు కదా? లెక్క కట్టండి. పొట్లానికి 12,000 బిట్లు. ఒక గిగాబిట్ తీగలో ఆ పొట్లం దాటడానికి పట్టేది 12 మైక్రోసెకన్లు. మైక్రోసెకను అంటే సెకనులో పదిలక్షలో వంతు.

ఇప్పుడు ఒకే ఉత్తరం తాలూకు పొట్లాలను చెరొక తీగలోనూ వేశామనుకోండి. ఒక తీగలో రద్దీ ఉంటే మూడో పొట్లంకంటే ముందు నాలుగో పొట్లం చేరుతుంది. అందుకునే కంప్యూటరు, “మూడోది దారిలో పోయినట్టుంది, మళ్ళీ పంపు” అంటుంది. పోనిదాన్ని మళ్ళీ పంపడమే! వేగం పెరగడం మాట దేవుడెరుగు, తగ్గుతుంది.

అందుకని ఒక నియమం పెట్టుకున్నారు. ఒక సంభాషణ తాలూకు పొట్లాలన్నీ ఒకే తీగలో పోవాలి. ఏ సంభాషణ ఏ తీగలోకి? పంపేవాడి విలాసం, అందుకునేవాడి విలాసం కలిపి ఒక చిన్న లెక్క చేస్తారు. సులువుగా చెప్పాలంటే, సరిసంఖ్య వస్తే ఎడమ తీగ, బేసిసంఖ్య వస్తే కుడి తీగ. మీ హాల్‌టికెట్టు ప్రశ్నకు జవాబు ఎడమ తీగలో వస్తే, మీ నేస్తానికి కుడి తీగలో రావచ్చు.

దీన్నిబట్టి ఒక సంగతి తెలుస్తుంది. రెండు తీగలు జోడించినంత మాత్రాన ఏ ఒక్కరి సంభాషణ వేగమూ రెట్టింపు కాదు. వందలమంది ఒకేసారి మాట్లాడుతుంటే, అందరికీ కలిపి చోటు రెట్టింపవుతుంది. రెండు వంతెనలున్నాయని ఒక ఎద్దుబండి రెండు రెట్లు వేగంగా పోదు కదా! 

తెగిందని తెలిసేదెలా?

అసలు విషయం ఇప్పుడు వస్తుంది. రెండో తీగ ఉంటే చాలదు. మొదటి తీగ పోయిందని తెలియాలి. అదీ వెంటనే తెలియాలి.

తీగ గుచ్చిన చోట చిన్న ఆకుపచ్చ దీపం ఒకటి వెలుగుతూ ఉంటుంది. అవతలి కొసనుంచి విద్యుత్ సంకేతం అందుతున్నంతసేపే అది వెలుగుతుంది. ప్లగ్గు ఊడితే దీపం ఆరుతుంది. సర్వరులోని ప్రోగ్రాము ఆ సంకేతం ఉందా లేదా అని మాటిమాటికీ చూస్తూ ఉంటుంది. సాధారణంగా సెకనుకి పదిసార్లు చూసేటట్టు పెడతారు. అంటే తీగ ఊడిన పదో వంతు సెకనులో సంగతి తెలిసిపోతుంది. మీరు కన్ను మూసి తెరిచేలోపల సంభాషణలన్నీ రెండో తీగలోకి మారిపోతాయి.

కాని ఆ దీపం ఒక్కోసారి అబద్ధం చెబుతుంది! 

ఇలాంటి రాగి తీగ వంద మీటర్లకు మించి పనిచెయ్యదు. అంతకు మించిన దూరానికి మధ్యలో ఒక చిన్న పెట్టె పెట్టి, రాగి తీగను గాజుతీగతో కలుపుతారు. గాజుతీగ అంటే వెలుగును మోసే తీగ. ఇప్పుడు ఆ పెట్టెకు అవతల గాజుతీగ తెగిందనుకోండి. సర్వరుకి, పెట్టెకి మధ్య రాగి తీగ బాగానే ఉంది. కనక దీపం వెలుగుతూనే ఉండవచ్చు. సర్వరు నమ్మకంగా పొట్లాలు పంపుతూ ఉంటుంది. అవన్నీ తెగిన చోట నేలపాలు!

దీనికి విరుగుడు మన డాక్టర్లు చేసేదే. ముఖం చూసి ఊరుకోరు, నాడి పట్టుకుని చూస్తారు. 802.3ఏడీ ప్రమాణం ప్రకారం ప్రతి తీగలోనూ రెండు కొసలనుంచీ వేళ తప్పకుండా చిన్న కబురు ఒకటి పోతూ ఉంటుంది. “నేను ఫలానా సర్వరుని. అవతల ఉన్నది ఫలానా స్విచ్చి అని విన్నాను” — ఇదీ ఆ కబురు. ఇందులో రెండో మాట ముఖ్యం. స్విచ్చి మాట సర్వరుకి చేరకపోతే, ఆ సంగతి సర్వరు పంపే కబురులోనే బయటపడుతుంది. ఒకవైపే మాట పోతూ రెండోవైపు పోని తీగను కూడా ఇలా పట్టుకోవచ్చు. పొరపాటున తీగను వేరే స్విచ్చిలో గుచ్చినా, పేరు కలవదు కాబట్టి దాన్ని జతలో చేర్చుకోరు.

ఈ కబురు పంపడానికి రెండు వేగాలున్నాయి. నెమ్మదిగా అయితే 30 సెకన్లకు ఒకసారి. తొందరగా అయితే సెకనుకి ఒకసారి. వరసగా మూడు కబుర్లు అందవలసినంత సేపు ఏమీ అందకపోతే, ఆ తీగ చచ్చిందని తీర్మానిస్తారు. అంటే ఒక పద్ధతిలో 90 సెకన్లు, రెండో పద్ధతిలో 3 సెకన్లు.

మూడు దాకా ఎందుకు ఆగాలి? ఒకటి అందకపోతే చాలదా? మీ బడి సంగతే చూడండి. ఒక్క పూట హాజరు పలకలేదని మేష్టారు మీ పేరు కొట్టేస్తే ఎలా ఉంటుంది? ఒక కబురు దారిలో ఉత్తినే కూడా పోవచ్చు. తొందరపడి తీగను తీసేస్తూ, మళ్ళీ కలుపుతూ ఉంటే అసలుకే మోసం. మరీ ఆలస్యం చేసినా మోసమే. 3 సెకన్లంటే ఒక గిగాబిట్ తీగలో రెండున్నర లక్షల పొట్లాలు పట్టేంత కాలం. 90 సెకన్లంటే 75 లక్షల పొట్లాలు! అవునో కాదో 12 మైక్రోసెకన్ల లెక్కతో మీరే భాగించి చూడండి.

మరి ఈలోగా నేలపాలైన పొట్లాల గతి ఏమిటి? ఆ బాధ్యత తీగలది కాదు, రెండు కొసల్లో ఉన్న కంప్యూటర్లది. పొట్లం అందినవాడు రసీదు పంపాలి. రసీదు రాకపోతే పంపినవాడు మళ్ళీ పంపాలి. 1974లో వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ రూపొందించిన ఇంటర్నెట్ నియమం ఇది. అందుకే తీగ మారిన సంగతి మీకు తెలియనే తెలియదు. చక్రం ఇంకో క్షణం ఎక్కువ తిరుగుతుంది. అంతే.

ఏడు దారులూ ఒకే తీగలో!

ఇప్పుడొక చిన్న లెక్క. ఒక తీగ వెయ్యి గంటల్లో ఒక గంట పనిచెయ్యదనుకుందాం. ఏడాదికి 8,760 గంటలు. అంటే ఏడాదిలో దాదాపు తొమ్మిది గంటలు మాట పోతుంది. అలాంటి తీగలు రెండుంటే? రెండూ ఒకేసారి పడి ఉండే అవకాశం వెయ్యిలో ఒకటిని వెయ్యిలో ఒకటితో గుణిస్తే వస్తుంది. పదిలక్షల్లో ఒకటి! ఏడాదిలో 32 సెకన్లు కూడా నిండదు. తొమ్మిది గంటలెక్కడ? 32 సెకన్లెక్కడ? ఒక్క తీగ చేర్చినందుకు ఎంత లాభం!

కాని ఆగండి. ఈ గుణకారం చెయ్యాలంటే ఒక షరతు ఉంది. ఒక తీగ తెగడానికీ రెండోది తెగడానికీ ఏ సంబంధమూ ఉండకూడదు. ఆ షరతు తప్పితే ఏమవుతుందో 1986లో అమెరికావాళ్ళకు తెలిసివచ్చింది.

ఇంటర్నెట్‌కు తాతలాంటి ఆర్పానెట్ అనే నెట్‌వర్కు 1969లో మొదలైంది. దానిలో న్యూ ఇంగ్లండ్ అనే ఈశాన్య ప్రాంతాన్ని మిగతా దేశంతో కలపడానికి ఏడు లైన్లుండేవి. ఒకటి పోతే ఆరు. ఆరూ పోతే ఇంకొకటి. ఇక భయమేముంది? 1986 డిసెంబర్ 12న న్యూజెర్సీలోని న్యూవార్క్‌కూ న్యూయార్క్ రాష్ట్రంలోని వైట్ ప్లెయిన్స్‌కూ మధ్య ఒక గాజుతీగ కేబులు తెగింది. ఒకే ఒక్క కేబులు. ఏడు లైన్లూ ఒక్కసారిగా మూగవోయాయి. కాగితం మీద ఏడుగా ఉన్న దారులు నేలలో ఆ ఒక్క కేబులులోంచే పోతున్నాయి మరి! దాదాపు పదకొండు గంటలపాటు ఆ ప్రాంతమంతా నెట్‌వర్కునుంచి విడిపోయింది.

ఏడు స్తంభాలున్నాయనుకున్నారు. తీరా చూస్తే ఒంటిస్తంభం మేడే!

సర్వరు దగ్గర కూడా ఇదే ప్రశ్న వెయ్యాలి. రెండు తీగలూ సర్వరులో ఒకే కార్డుకు తగిలించారా? ఆ కార్డు కాలితే రెండూ పోతాయి. రెండూ ఒకే గొట్టంలోంచి తెచ్చారా? ఎలుకకు పని సులువవుతుంది. రెండూ ఒకే స్విచ్చిలో గుచ్చారా? ఆ స్విచ్చి ఆగితే ఇక రెండైనా ఎనిమిదైనా ఒకటే. అందుకే ముఖ్యమైన చోట్ల రెండు కార్డులు, రెండు దారులు, రెండు స్విచ్చిలు పెడతారు. ఆ రెండు స్విచ్చిలూ తమలో తాము మాట్లాడుకుంటూ, సర్వరుకి ఒకే పేరు చెబుతాయి. సర్వరు తన రెండు తీగలూ ఒకే స్విచ్చిలో ఉన్నాయనుకుంటుంది. సరే, రెండు స్విచ్చిలకూ కరెంటు ఒకే ఫ్యూజునుంచి వస్తోందా? అదీ చూడాలి!

మూత్రపిండాల మాట చెప్పుకున్నాం కదా. వాటికి రక్తం తెచ్చే ధమనులు వేరువేరు. కాని ఆ రక్తాన్ని తోసే గుండె మాత్రం ఒక్కటే. ఒంటిస్తంభాన్ని ఒకచోట తీసేస్తే ఇంకోచోట కనపడుతుంది. ఎక్కడుందో తెలుసుకుని జాగ్రత్తపడటమే ఇంజనీరు పని.

గాలి లేని స్టెప్నీ

ఇంకో ప్రమాదం ఉంది. ఇది చప్పుడు చెయ్యని ప్రమాదం.

బస్సుకు అదనంగా ఒక చక్రం ఉంటుంది. స్టెప్నీ అంటారు. దారిలో టైరు పగిలితే దిగులు లేదు, స్టెప్నీ ఉంది. అర్ధరాత్రి అడవి దారిలో టైరు పగిలింది. డ్రైవరు స్టెప్నీ దింపాడు. చూస్తే అందులో గాలి లేదు! ఎన్నాళ్ళనుంచి లేదో ఎవరికీ తెలియదు. దాంతో పని పడలేదు కాబట్టి ఎవరూ చూడలేదు.

రెండు తీగల సర్వరులోనూ ఇదే జరగవచ్చు. మొదటి తీగ వేసవి సెలవుల్లో తెగింది. రెండోది పని అందుకుంది. అందరికీ మార్కులు, ఉత్తరాలు, బొమ్మలు మామూలుగానే అందుతున్నాయి. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఇక తెగిందని ఎవరు చూస్తారు? సంక్రాంతికి రెండోదీ తెగింది. అప్పుడు అందరూ ఆశ్చర్యపోతారు, “అదేమిటి, రెండు తీగలున్నాయి కదా!” అని. రెండు ఎక్కడున్నాయి? ఏడు నెలలుగా ఉన్నది ఒకటే.

దెబ్బను తట్టుకునే యంత్రం ఆ దెబ్బను మన కంటపడకుండా దాచేస్తుంది కూడా. అందుకని ఒక తీగ పోగానే గంట మోగేటట్టు, లేదా ఇంజనీరు ఫోనుకి కబురు వెళ్ళేటట్టు ఏర్పాటుండాలి. అంతేకాదు, అప్పుడప్పుడు మంచి వేళ చూసి ఒక తీగను చేత్తో లాగి చూడాలి. మాట ఆగకపోతే మళ్ళీ గుచ్చి, రెండోది లాగి చూడాలి. పరీక్ష అంటే మీకే కాదు, తీగలకూ ఉండాలి!

ఒకే రూపాయి రెండుసార్లు ఖర్చుకాదు

చివరగా ఒక మాట. ఒక్కో గిగాబిట్ తీగలు రెండు ఉన్నాయి. కలిపి రెండు గిగాబిట్లు. ఫలితాల రోజున రద్దీ పెరిగి, రెండు తీగల్లోనూ నూటికి 80 వంతులు నిండిపోయాయి. అంటే మొత్తం 1.6 గిగాబిట్లు. అంతా సాఫీగానే నడుస్తోంది. ఆ సమయంలో ఒకటి తెగింది. మిగిలిన తీగకు పట్టేది ఒక గిగాబిట్టే. మిగతా 0.6 ఎక్కడ పోయాలి? కుండ పొర్లిపోతుంది. పొట్లాలు నేలపాలవుతాయి. వాటిని మళ్ళీ పంపుతారు. రద్దీ ఇంకా పెరుగుతుంది.

రెండో తీగను వేగం కోసం వాడుకున్నంత మేరకు భద్రత కోసం వాడుకోలేము. చేతిలోని రూపాయిని ఖర్చూ చేసి, దాచుకోనూ దాచుకోలేము కదా! రెండు తీగలున్నప్పుడు ఒక్కోదాన్నీ సగానికి మించి నింపకూడదు. ఖాళీగా ఉన్న ఆ సగం వృథా కాదు. అదే భద్రత.

ఇక్కడ మీకొక లెక్క. ఒక్కో గిగాబిట్ తీగలు మూడున్నాయి. ఒకటి తెగినా ఫరవాలేదనిపించాలంటే మొత్తం ఎంత రద్దీ దాటకూడదు? ఒక్కో తీగలో ఎంత వంతు నింపవచ్చు? నాలుగు తీగలైతే? (జవాబు: మూడు తీగలైతే మొత్తం రెండు గిగాబిట్లు, ఒక్కోదానిలో మూడింట రెండు వంతులు. నాలుగైతే మొత్తం మూడు గిగాబిట్లు, ఒక్కోదానిలో నాలుగింట మూడు వంతులు. తీగలు పెరిగేకొద్దీ ఖాళీ ఉంచవలసిన వంతు తగ్గడం గమనించారా?)

మీరే ఆడి చూడండి

ఇదంతా మీ బడిలో ఒక ఆటగా ఆడవచ్చు. రెండు గుమ్మాలున్న గది కావాలి. గదిలో ఒకరు, వరండాలో ఒకరు కూర్చోండి. గదిలో ఉన్నవాడే సర్వరు. చిన్న కాగితాలమీద 1 నుంచి 20 దాకా అంకెలు వెయ్యండి. ఇద్దరు పిల్లలు మోసేవాళ్ళు. ఒకరు ఈ గుమ్మంలోంచి, ఒకరు ఆ గుమ్మంలోంచి ఒక్కో కాగితమే తీసుకెళ్ళాలి.

మొదటి ఆటలో, ఒక మోసేవాణ్ణి దారిలో ఎక్కడో ఒకచోట చడీచప్పుడు లేకుండా కూర్చోమని మేష్టారు చెవిలో చెప్పాలి. సర్వరుకి సంగతి ఎప్పుడు తెలిసిందో, ఈలోగా ఎన్ని కాగితాలు ఆగిపోయాయో లెక్కించండి. రెండో ఆటలో, కాగితం అందుకున్నవాడు రసీదు పంపాలి. పది లెక్కపెట్టేలోగా రసీదు రాకపోతే సర్వరు అదే అంకె వేసిన కాగితం రెండోవాడితో పంపాలి. ఇరవై అంకెలూ చేరతాయో లేదో చూడండి. మూడో ఆటలో, ఇద్దరినీ ఒకే గుమ్మంలోంచి నడవమనండి. నడుస్తుండగా ఆ తలుపు మూసెయ్యండి!

మూడో ఆట అయ్యాక ఆర్పానెట్ ఏడు లైన్ల కథ మీకు ఎవరూ చెప్పనక్కరలేదు.

వచ్చే ఏడు ఫలితాల రోజున మీ ముందు ఆ చక్రం ఒక్క క్షణం ఎక్కువ తిరిగి, మార్కులు వచ్చాయనుకోండి. బహుశా సరిగ్గా ఆ క్షణంలోనే ఎక్కడో ఒక తీగ తెగి ఉండవచ్చు. రెండోది మాట అందుకుని ఉండవచ్చు. ఆ గదిలో ఎవరి ఫోనుకో కబురు వెళ్ళి, ఆ మనిషి కొత్త తీగ పట్టుకుని లేచి ఉండవచ్చు. ఆ మనిషి లేవడమే ముఖ్యం. ఎందుకంటే, ఆ కొత్త తీగ గుచ్చేదాకా అది మళ్ళీ ఒంటిస్తంభం మేడే!